పైపు దగ్గు

మా పాల ఫ్యాక్టరీలో ట్యాంకులు కడిగే వాల్వులను నడిపే ప్రోగ్రామును ఏఐ అసిస్టెంటు రెండు నిమిషాల్లో రాసిచ్చింది. నేను మురిసిపోతూ బాబాయ్‌కి చూపించాను. ఆయన ఇరవై ఏళ్లుగా ఆ వాల్వులను చేత్తో తిప్పుతున్న ఆపరేటరు. వరసకు ఏమీ కాకపోయినా అందరికీ బాబాయే.

ఆయన తెర చూసి పెదవి విరిచాడు. "ఇందులో దగ్గు ఏదమ్మా?"

"దగ్గేంటి బాబాయ్?"

"మంచినీళ్లు పోయాక పైపులో గాలి మిగిలి దగ్గుతుంది. అది ఆగకముందే సబ్బునీళ్లు వదిలితే జాయింటు ఊడి మీద పడతాయి. నా చొక్కాలు రెండు దానికే బలయ్యాయి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, మూడేళ్లుగా పక్కనే తిరుగుతూ ఈ సంగతి అడగని నా మీద. ఆయన మాటలనే ఉన్నదున్నట్టు టైపు చేశాను.

అసిస్టెంటు ఎదురు ప్రశ్న వేసింది: "దగ్గు ఎన్ని సెకన్లు ఉంటుంది? రోజూ ఒకేలా ఉంటుందా? ఆపరేటరు గారిని అడిగి చెప్పండి."

బాబాయ్ ఆ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"రాసుకో. ఎండాకాలం దగ్గు వేరు, చలికాలం దగ్గు వేరు."