గునుగు పూల ఎరుపు

ఎల్లేశం సిరిసిల్లలో నూలుకు రంగులద్దే కార్ఖానాలో పని చేస్తాడు. ఏటా సద్దుల బతుకమ్మకు ముందు రోజు, డబ్బాల అడుగున మిగిలిన రంగుపొడిని పొట్లం కట్టి ఇంటికి తెస్తాడు. తెల్లటి గునుగు పూలను ఆ నీళ్లలో ముంచితే వచ్చే ఎరుపు, బజారులో కొన్న రంగుకు ఎక్కడొస్తుంది! వాడకట్టు ఆడవాళ్లంతా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. "గంత ఎరుపు సిరిసిల్లల యాడ లేదే ఎల్లేశమన్నా" అంటుంటే మనిషి పొంగిపోయేవాడు.

ఈ ఏడు తంగేడు దొరకలేదు. ఉంటే కదా దొరకడానికి! ఊరిపక్క తంగేడు పూసే గుట్టబోరంతా కొన్నేళ్లుగా చదును చేస్తూ ప్లాట్లు కొట్టారు, మిగిలింది వరి మళ్లు చేశారు. ఎల్లేశం బండి మీద చందుర్తి దాకా పోయి, సగం సంచితో తిరిగొచ్చాడు. గునుగు మాత్రం బజారులో కట్టలకు కట్టలు అమ్మారు. తంగేడు పసుపు లేకపోతే పీడాపాయె, ఎరుపే నింపుదామన్నారు అందరూ. ఒక్క పొట్లం తెచ్చేవాడు ఈసారి నాలుగు తెచ్చాడు.

బతుకమ్మలను కుంటలో సాగనంపిన మూడోనాడు పొద్దున్నే చేపలు చచ్చి తేలాయి.

ఆ కుంటలో చేపపిల్లలను వదిలింది కొమురెల్లి. కులం వేరైనా ఎల్లేశాన్ని తమ్మీ అని నోరారా పిలిచే మనిషి. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, చచ్చిన చేపలను గంపలోకి ఎత్తుతూ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

గట్టు మీద తలా ఒక మాట. ఎండ ముదిరిందని ఒకరు. పొలాల మందు వానకు కొట్టుకొచ్చిందని ఇంకొకరు. చేపల ఆఫీసు నుంచి వచ్చినాయన సీసాలో నీళ్లు పట్టుకుని, "పూలు కుళ్లినా నీళ్లల్ల గాలి ఉండది. పరీక్ష అయినంక చెప్తం" అని చక్కా పోయాడు.

ఎల్లేశానికి ఏమీ పాలుపోలేదు. బతుకమ్మ పూలు నీళ్లను బాగుచేస్తాయని కూతురు శ్రీలతకు మొన్ననే గొప్పగా చెప్పాడాయె! తప్పు పూలదా, రంగుదా? తంగేడును పెకిలించిన వాళ్లదా? ఆ ప్లాట్లలో ఒకటి కొని ఇల్లు కట్టుకున్నది తనే కదా!

"వాడకట్టంత ఏసిండ్రు, నువ్వొక్కనివే ఏసినవా? నోర్మూసుకొని ఉండు" అంది భార్య రాధ.

పొద్దుగూకేవేళకు కొమురెల్లి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తమ్మీ, రేపు మీ కార్ఖానా మీద దరఖాస్తు ఇస్తున్న. మోరి నీళ్లు కుంటల ఇడుస్తుండ్రని. రంగుల సంగతి నీకెరుక. నువ్వొచ్చి సాక్ష్యం చెప్పాలె."

"మా మోరి గిటు రాదన్నా. అటు వాగుల కలుస్తది" అన్నాడు ఎల్లేశం. అన్నాక సిగ్గుతో చచ్చిపోయాడు. ఇన్నేళ్లలో ఆ వాగులో చేపల సంగతి తను ఒక్కనాడూ అడగలేదు.

"మరి రంగు యాడికెల్లి అచ్చింది? గట్టెంబడి నీళ్లు ఎర్రగున్నయ్. నా కండ్లతోని జూసిన."

రాధ తలుపు చాటు నుంచి వద్దు వద్దని చెయ్యి ఊపుతోంది. ఎల్లేశం అటు చూడలేదు.

"బతుకమ్మలదన్నా. నేనిచ్చిన రంగు. గదే సంపిందో, ఇంకేమన్న సంపిందో... నాకైతే సమజైతలేదు."

కొట్టినా బాగుండేది. కొమురెల్లి కొట్టలేదు, తిట్టలేదు. తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో ఎరుపు ఇంకా పోలేదు.

"మా ఇంటిది వజ్రమ్మకు రంగు సాలలేదని రెండోపారి నేనే అచ్చి అడుక్కపోయిన గద తమ్మీ" అన్నాడు.

జేబులోంచి దరఖాస్తు కాగితం తీశాడు. మడత విప్పి ఎల్లేశం ముందు పెట్టాడు.

"మరి గిండ్ల ఎవరి పేరు రాయాలె?"