కుడి నుంచి ఎడమకు

నర్సింగ్ ఒక ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను రెక్కల సందుల్లోంచి బ్రష్‌తో దుమ్ము దులుపుతున్నాడు. ల్యాప్‌టాప్ వీపు విప్పితే అది ఏ ఇంటినుంచి వచ్చిందో అతనికి తెలిసిపోతుంది. కూలీల క్యాంపుల నుంచి వచ్చేవాటిలో సిమెంటు పొడి, మాడిన మిరపకాయల ఘాటు. ఆఫీసులవాటిలో బిస్కెట్ల నుసి. ఇప్పుడు బల్లమీదున్న దాంట్లో పిల్లి వెంట్రుకలు, అరబ్బుల ఇళ్ళలో వేసే బఖూర్ ధూపం వాసన. బహరేన్‌లో హూరా పేటలోని ఆ ఇరుకు దుకాణమంతా ఆ వాసన నెమ్మదిగా పరుచుకుంటోంది.

దాన్ని తెచ్చిన బుల్లెమ్మ కౌంటరు అవతల తన సూట్‌కేసు మీదే కూర్చుంది. కోనసీమ మనిషి, అరవైకి దగ్గర. పద్దెనిమిదేళ్ళు ఒకే ఇంట్లో వండిపెట్టి, ఆ ఇంటి పాప మర్యంని పొత్తిళ్ళ నుంచి పెంచింది. పాప పైచదువుకు లండన్ వెళుతూ తన పాత ల్యాప్‌టాప్‌ను ఆమె చేతిలో పెట్టింది. అందులో ఏడాదికొక ఫోల్డరు చొప్పున ఫోటోలన్నీ వరసగా సర్దింది. బుల్లెమ్మకు చదువు రాదు. బాణం గుర్తున్న మీట నొక్కుతూ పోతే పాప పెరుగుతూ వస్తుందని మాత్రం తెలుసు. వారం నుంచి ఆ పెట్టె లోపల టిక్కుటిక్కుమంటోంది, తెరుచుకోవడానికి అరగంట పడుతోంది.

"ఐదింటికి కారొస్తాది తమ్ముడూ. రాత్రికి విమానం. ఇంక ఈ దేశం మొహం చూసేది లేదు."

"ఆ పిల్ల దగ్గర ఈ ఫోటోలయి ఇంకో కాపీ లేదా అక్కా?"

"అన్నీ ఇందులోనే పెట్టేసింది. నా దగ్గరుంటే పోవంట."

నర్సింగ్ తల ఊపాడు. పాత డిస్కులో ఉన్నదంతా ఉన్నట్టే కొత్త డ్రైవులోకి ఎక్కించడం అతనికి రోజూ ఉండే పనే. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఇరవై ఒక్కేళ్ళ కింద దుబాయికని బయల్దేరి బహరేన్‌లో దిగాడు. పరంజా మీద నుంచి పడి మోకాలు పోయాక, మామీర్ క్యాంపులో మంచానికి అతుక్కున్న రోజుల్లో, చెడిపోయిన రేడియోలు విప్పడం మొదలుపెట్టాడు. ఆ చేతిని చూసే ఈ దుకాణం యజమాని తీసుకున్నాడు. ఐదో తరగతి చదువు. తెరమీది రాతలు చదవడు. వాటి చోట్లు తెలుసు. ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది, నడుమ బాణం. పదకొండేళ్ళలో చెయ్యి తప్పలేదు.

అతని కంప్యూటర్ నిన్న సాయంత్రం చెడిపోయింది. యజమాని కాగితాల పనికి వాడుకునే అరబ్బీ కంప్యూటర్ కౌంటరు మీద ఉంది. రెండు డిస్కులనూ వైర్లతో దానికి తగిలించి, ఎప్పుడూ నొక్కేచోటే నొక్కి, కుర్చీలో వెనక్కి వాలాడు. ఏసీ ఒకే శ్రుతిలో మూలుగుతోంది. అద్దాల తలుపు మీద ఎండ పాలలా తెల్లగా ఉంది. తెరమీద ఆకుపచ్చ గీత చీమలబారులా పాకుతోంది, కుడి నుంచి ఎడమకు. చూడ్డానికి బాగుంది. దాన్ని చూస్తూ మగతలోకి జారిపోబోయాడు.

ఉలిక్కిపడి తెరవైపు వంగాడు.

అరబ్బీ రాత కుడినుంచి మొదలవుతుంది. ఆ తెరమీద అన్నీ అద్దంలోలా తిరగబడి ఉన్నాయి. పాతది కుడివైపు ఉంది. ఖాళీ డ్రైవు తీసుకెళ్ళి నిండు డిస్కు మీద పరుస్తున్నాడు తను.

వైరు ఊడబీకాడు.

బుల్లెమ్మ కునుకు తీస్తోంది. డిస్కు ముందే పాడైందంటే చాలు, ఎవరైనా నమ్ముతారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"అక్కా. తప్పైంది."

"ఆఁ?"

"ఖాళీదాన్ని తీస్కపోయి నిండుదాని మీద కొట్టిన. డిస్కుది గాదు, నా చెయ్యిది తప్పు."

ఆమెకు కాసేపు అర్థం కాలేదు. "పాప పోయిందా?"

"జరంత పోయింది. ఎంతో ఎరుకలేదు. ఎతుకుత."

"పొద్దుట్నుంచీ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నావు. నోరిప్పి ఇదా చెప్పడం!" కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎతుకు మరి. నన్ను చూత్తావేం?"

పోయిన ఫోటోలు వెతికే పని మొదలైంది. డిస్కు టిక్కుమన్నప్పుడల్లా ఇద్దరూ తెరవైపు వంగారు. మధ్యాహ్నం రెండు దాటాక, నీళ్ళ అడుగునుంచి బుడగలొచ్చినట్టు ఒక్కొక్క బొమ్మా తేలింది. పేర్లు లేవు, తేదీలు లేవు, వరస లేదు. బడి దుస్తుల్లో పెద్దపిల్ల. వెంటనే రెండుపళ్ళ నవ్వు. పండగనాటి గోరింటాకు చేతులు. మళ్ళీ బుల్లెమ్మ చంకలో ఏడుపు మొహం.

బుల్లెమ్మ స్టూలు లాక్కుని కౌంటరు లోపలికే వచ్చేసింది.

"ఇది పాలపళ్ళు ఊడిన ఏడు. ఇది జొరమొచ్చిన ఏడు, ఆ కళ్ళు చూడు. ఇది... పిల్లిని తెచ్చుకున్న ఏడు."

ఆమె చెబుతుంటే అతను ఒక్కొక్కటీ లాగి ఫోల్డర్లలో వేశాడు.

"అందులో కాదయ్యా, దానికి ముందుది! నీ చేతికి ఎనకా ముందూ తెలీదేంటి?"

నర్సింగ్ ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

"నీకు పిల్లలున్నారా?"

"ఒక బిడ్డ."

"ఎన్నేళ్ళు?"

మౌసు మీద చెయ్యి ఆగింది. "తొమ్మిదిసార్లు చూసిన," అన్నాడు.

బుల్లెమ్మ స్టూలును అతనికి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది.

నాలుగున్నరకు కొత్త డ్రైవు లోపల పెట్టాడు. పాత విండోస్ బతకలేదు, కొత్తగా వేశాడు. దొరికిన ఫోటోలన్నీ ఎక్కించాడు. అప్పటికి వరస కుదిరినవి ఏడేళ్ళవే.

"పొత్తిళ్ళవి లేవు," అంది ఆమె.

"లెవ్వక్కా. దొర్కలే."

"ఆ బరువు చేతులకి తెలుసులే."

బయట హారన్ మోగింది. అతను గబగబా వీపు మూసి బిగించాడు. "మిగిలినయి గజిబిజిగ కలిసున్నయి."

"నువ్వు లాగుతుంటే చూశానుగా. ఇంటికాడ నాకేం పనుంది, సర్దుకుంటాలే."

ల్యాప్‌టాప్‌ను చీరమడతల నడుమ పెట్టి సూట్‌కేసు మూసింది. గడప దగ్గర వెనక్కి తిరిగి, ఈ దేశం మొహం ఇక చూడనన్న మనిషి, "వస్తాను తమ్ముడూ" అంది. మనవాళ్ళు ఎక్కణ్ణుంచి కదిలినా అనే మాటే అది. తలుపు మూసుకుంది. కారు మలుపు తిరిగింది.

దీపాలు వెలిగాక నర్సింగ్ బల్ల సర్దబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బల్లమీద పరిచిన నీలం గుడ్డ మధ్యలో, ఆ ల్యాప్‌టాప్ వీపుకు బిగించకుండా మిగిలిపోయిన ఒక నల్లటి మరమేకు, ఆవగింజంత, ఇంకా బఖూర్ వాసనతో.