ఏ కాలికి గాయం?

గ్యాలరీ కింద ప్రథమ చికిత్స గదిలో కోచ్ నేల మీద కూర్చుని, ఏ గాయమూ లేని కాలికి కట్టు కడుతున్నాడు. ఆ కాలు పిడుగుది. జట్టు ఆమెకు పెట్టిన పేరు అది. ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఆమెను దాటినవారు ఆ మైదానంలో లేరు.

క్రీడాసంఘం కార్యదర్శి తలుపు దగ్గర గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. పుట్టుకతోనే ఆమె శరీరం ఒక హార్మోనును ఎక్కువగా తయారుచేస్తుంది. ఓడినంత కాలం ఎవరికీ పట్టని ఆ సంగతి, గెలవడం మొదలుపెట్టాక రక్తపరీక్షలో బయటపడింది. మాత్రలు మింగి దాన్ని తగ్గించుకుంటే తప్ప ఆడవాళ్ళ పరుగులో ఆమెకు చోటు లేదని సంఘం తీర్మానించింది.

"మడమ బెణికిందని చెబుదాం. నీ గుట్టు బయటికి రాదు. మేమేం చెడ్డవాళ్ళం కాదమ్మా."

"గుట్టా? నేనేమన్నా దొంగతనం చేశానా సార్?"

"నోర్ముయ్యవే," అంది తల్లి. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే ఆమె, బిడ్డ పుట్టినప్పుడే డాక్టరు చెప్పిన ఈ మాట నాటి నుంచి ఇరుగుపొరుగు చెవిన పడకుండా కాచుకుంటూ వచ్చింది. "ఆయన మన పరువు నిలబెడతానంటుంటే ఎదురు మాట్లాడతావేం? కుంటుకుంటూ నడువు. ఇంటికి పోదాం."

తల్లి కళ్ళలోని భయం చూసి, పిడుగు పళ్ళ బిగువున లేచింది.

బయట గ్యాలరీ కిక్కిరిసి ఉంది. ఆమె కుంటింది. ప్రతి పోటీలోనూ ఆమె వెనుకే వచ్చే పొడుగుపిల్ల పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, ఏమైందే?"

"బెణికింది."

పొడుగుపిల్ల కిందికి చూసింది. "కట్టేమో ఎడమకాలికి. కుంటేదేమో కుడికాలు. అబద్ధమాడటం కూడా చేతకాదే నీకు!"

ఇద్దరూ పకపకా నవ్వారు. ముందుగా నవ్వు ఆగింది పిడుగుకే.

"చేతకాదు. నా ఒంట్లో హార్మోను ఎక్కువట. పుట్టుకతోనే. పరుగెత్తొద్దన్నారు."

పొడుగుపిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు లేకపోతే నేనే గెలుస్తాను, అబద్ధమెందుకు? కానీ ఈ కుంటించడమేంటే?"

మైకు మోగింది: "మడమ గాయం కారణంగా నాలుగో వరుస క్రీడాకారిణి తప్పుకున్నారు."

పిడుగు వంగి కట్టు విప్పేసింది. దాన్ని గడ్డి మీద వదిలి, ఆరంభ గీత దగ్గర నాలుగో వరుసలోకి వెళ్ళి, గ్యాలరీ అంతా చూసేలా మోకాళ్ళు ఛాతీకి తగిలేంత ఎత్తుకు ఎగిరింది. జనం గోల చేశారు. కార్యదర్శి ఆయాసపడుతూ వచ్చాడు.

"తప్పుకో!"

"తప్పుకుంటాను. ఎందుకు ఆపారో మైకులో చెప్పండి. వినడానికి నాకు సిగ్గు లేదు సార్, చెప్పడానికి మీకెందుకు?"

ఆయన మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడ్డ తల్లి వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండమ్మా. పరువు మీది."

ఆమె కూతురి ముఖం చూసింది. అక్కడ తాను వెతికిన భయం లేదు. తాడు కిందుగా దూరి వచ్చింది. గడ్డిలోని కట్టు తీసి, దులిపి, ఆసుపత్రి బట్టలు మడిచే అలవాటుతో చక్కగా చుట్టి ఆయన చేతిలో పెట్టింది.

"దాని కాళ్ళు శుభ్రంగా ఉన్నాయండీ," అంది, గ్యాలరీ ముందు వరుసల్లోని వాళ్ళందరికీ వినబడేలా. "అది అడిగినదానికి జవాబు చెప్పండి. నేనూ వింటాను."

పరుగు మొదలుపెట్టించడానికి తుపాకీ ఎత్తిన మనిషి చెయ్యి దించాడు. మైకు దగ్గరి మనిషి కార్యదర్శి వైపు చూశాడు. పిడుగు గీత దగ్గర నుంచి కదలలేదు.