నిలబడ్డ చోటు లేని ఫొటో

ఆ ఫొటో చేతికిస్తే ఎవరైనా నదిని చూస్తారు, గట్టున ఎర్రబడ్డ చెట్లను చూస్తారు. తల్లి మాత్రం కింది అంచు చూసింది. అంచు దాకా నీళ్లే. గట్టు లేదు, రాయి లేదు, గడ్డిపోచ లేదు.

"ఇది తీసేటప్పుడు ఎక్కడ నిలబడ్డావే?"

"ఎక్కడో ఓ చోట నిలబడ్డాలే అమ్మా," అంది కూతురు బూట్లు తుడుచుకుంటూ.

బూట్లు తడిసి ఉన్నాయి. తల్లికి ఇంకేం కావాలి?

ఆమె ఇంట్లోనే బట్టలు కుట్టేది. చదువు ఐదో తరగతితో సరి. భయపడడంలో మాత్రం పెద్ద చదువే చదివింది. కూతురు పది నిమిషాలు ఆలస్యమైతే, మిషను ముందు నుంచి లేవకుండానే ఆసుపత్రి దాకా వెళ్లొచ్చేది.

"మీ అమ్మకి గ్లాసు నీళ్లిచ్చినా, అందులో ఎవరైనా మునిగారేమోనని చూసి గానీ తాగదు," అన్నాడు తండ్రి పేపరు చాటు నుంచి.

"మీకేం, నవ్వుతారు. పిల్ల నది మధ్యలో నిలబడి ఫొటోలు తీస్తుంటే!"

కూతురి ఫొటోలు పదకొండింటిని కేలండరు అచ్చువేసే ఆయన ఒప్పుకున్నాడు. పన్నెండోది, పొగమంచులో నది, ఇంకా కావాలి. కూతురి పేరు అచ్చులో పడే మొదటి పని అది. గాలి కాస్త గట్టిగా వీస్తే కొమ్మల మీద ఆకు మిగలదు. అందుకే రేపు పొద్దున్నే వెళ్లి తీరాలి.

"వెళ్లడం లేదు," అంది తల్లి. "పదకొండు నెలలు చాలు జనానికి."

తండ్రి పేపరు వణికింది. కూతురు నవ్వలేదు. కాదని వెళ్లగలదు, ఇరవై మూడేళ్ల పిల్ల. కానీ అమ్మ వద్దన్నాక వెళ్తే చెయ్యి వణుకుతుంది, ఫొటో చెదురుతుంది. లోపలికెళ్లి, అదే ఫొటోని పెద్ద కాగితం మీద అచ్చువేసినది తెచ్చి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద పరిచింది.

"ఇది అంచులు కొయ్యకముందుది. చూడు."

కింద, ఈ చివర నుంచి ఆ చివరకు, వంతెన రెయిలింగు. మణికట్టంత లావు ఇనుప కడ్డీలు.

"నా ఛాతీ దాకా ఉంటుంది. బూట్లు తడిసింది దారిలో గడ్డికి."

తల్లి కడ్డీని వేలితో నొక్కి చూసింది. "గట్టిదేనా?"

"లారీలు పోయే వంతెనమ్మా!"

"మరి ఇంత మంచి రెయిలింగుని ఎందుకు కోసేశావ్? ఉంచితే నా ప్రాణం కుదుటపడేది కదే!"

కూతురు మళ్లీ లోపలికెళ్లింది. ఎల్ అక్షరంలా కత్తిరించిన రెండు అట్టముక్కలు తెచ్చి తల్లి చేతుల్లో పెట్టింది. "వీటితో ఎక్కడ కొయ్యాలో చూసుకుంటాం. నువ్వే పెట్టు."

తల్లి కుట్టు కోసం గుడ్డ ఎప్పుడూ రెండు వేళ్లు ఎక్కువే వదులుతుంది. అట్టలూ అలాగే పెట్టింది, రెయిలింగంతా లోపలే ఉండేట్టు. నది కటకటాల వెనక ఖైదీలా కనిపించింది. ఆమెకే నచ్చలేదు. అట్ట కొంచెం పైకి జరిపింది. కడ్డీలు సగానికి తెగాయి, చొక్కా చేతిని మోచేతి దగ్గర కోసినట్టు. ఇంకొంచెం జరిపింది. రెయిలింగు మాయమై నది అట్ట అంచు దాకా వచ్చేసింది. నీళ్ల మీద ఎర్రటి ఆకులు బారులుగా పోతున్నాయి. ఇందాక వాటిని చూడనేలేదు.

"ఈ మూల కరెంటు స్తంభం ఎందుకే?" ఎడమ అట్ట లోపలికి లాగింది.

"అయ్యో, నేను చూసుకోలేదు!" కూతురు తల్లి భుజం మీద గడ్డం ఆనించి వంగింది. "స్తంభం లేకపోతే ఆ నది వంపు ఎంత బాగుందమ్మా."

తల్లికి ఇంకా నమ్మకం కుదరలేదు. కింది అట్ట ఎత్తి చూసింది. రెయిలింగు ఉంది. కప్పింది. మళ్లీ ఎత్తింది. ఉంది. మూడోసారి కప్పి, దాని మీద అరచెయ్యి పెట్టి ఉంచింది.

"ఇక్కడికి కొయ్యి," అంది మెల్లగా. "రేపటిది మాత్రం కొయ్యకముందు నాకు చూపించు. తర్వాత నీ ఇష్టం."

"ఆరింటికే వెళ్లాలి మరి."

"ఐదున్నరకి లేపుతాలే."