మైకు ముందు హనోకు

వానాకాలం మొదట్లో ఒక పొద్దున, బోధన్‌లోని తన ఇంట్లో, హనోకు భార్యను మంచినీళ్ళు అడగబోయి గొడుగు అడిగాడు. బయట వాన లేదు. ఆశా నవ్వింది. అతనూ నవ్వి మళ్ళీ అడిగాడు. మళ్ళీ గొడుగే వచ్చింది. ఇంకోసారి అడిగేసరికి ఆమె ముఖంలో నవ్వు లేదు.

నిజామాబాద్ డాక్టరు తలకు పరీక్షలన్నీ చేయించి, మెదడులో సన్నటి నరం ఒకటి కాసేపు మూసుకుపోయిందని చెప్పాడు. కాళ్ళూ చేతులూ బాగున్నాయి, తెలివి బాగుంది, మాటలు మాత్రం అప్పుడప్పుడు దారి తప్పుతాయి, మెల్లమెల్లగా సర్దుకోవచ్చు అన్నాడు. అలసిపోయినా భయపడినా ఇంకా ఎక్కువ తప్పుతాయి, అందుకని భయపడొద్దు అని కూడా అన్నాడు. ఆ రోజు నుంచి హనోకుకు భయపడటమంటేనే భయం పట్టుకుంది.

అతను మామూలుగా భయపడే మనిషి కాదు. చక్కెర మిల్లు నడిచిన కాలంలో, రాక్ సంగీతమంటే పట్నం పిల్లలు ఇంగ్లీషులో పాడుకునేదని అందరూ అనుకుంటున్నప్పుడు, బోధన్ తెలుగులో గొంతు చించుకుని పాడినవాడు. బ్యాండు పేరు ‘గానుగ’. గిటారూ గొంతూ హనోకువి, బేస్ గిటారు అతని అన్న మోజెస్‌ది, డ్రమ్ములు షరీఫ్‌వి. వాళ్ళ క్యాసెట్లు లారీ డ్రైవర్ల చేతుల్లో అటు నాందేడ్ దాకా పోయాయి. గుండె ఆగి మోజెస్ పోయాక బ్యాండు కూడా ఆగింది. ఈ మధ్య ఎవరో ఆ పాత క్యాసెట్లను ఫోన్లలోకి ఎక్కించడంతో, బ్యాండు ఆగిన తర్వాత పుట్టినవాళ్ళు కూడా దానికి అభిమానులయ్యారు.

వాళ్ళలో అల్ఫియా ఒకతె. నిజామాబాద్‌లో సంగీత కార్యక్రమాలు నడిపే అమ్మాయి. ఒక మధ్యాహ్నం ఆమె బోధన్ వచ్చి హనోకు ముందు కూర్చుని, అభిమానులంతా ఒకచోట చేరి ఆయనను ప్రశ్నలడిగే సభ పెడదామనుకుంటున్నామని చెప్పింది. ఆశా అప్పుడు అంగడికి పోయింది. హనోకు వద్దు అనబోయాడు. ఆ మాట కోసం నోరంతా వెతికాడు. చివరికి నోట్లోంచి “సరే” అని వచ్చింది. అల్ఫియా సంతోషంతో ఆయన చేతులు పట్టుకుంది. ఆశాకు సంగతి తెలిసేసరికి బస్టాండు గోడల మీద పోస్టర్లు పడ్డాయి.

ఫోన్ చేసి రాలేమని చెప్పేస్తానని ఆశా అంది. అతను ఒప్పుకోలేదు. రాలేమంటే ఎందుకని అడుగుతారు. కారణం చెబితే తెల్లారేలోగా బోధన్ అంతా పాకుతుంది. ఇక తను మాట పడిపోయిన హనోకు అయిపోతాడు. జనం పండ్లు పట్టుకుని చూడటానికి వస్తారు, గట్టిగా, విడదీసి విడదీసి మాట్లాడతారు. షరీఫ్‌కు కూడా చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. ముఖ్యంగా షరీఫ్‌కు. నలభై ఏళ్ళుగా తనను బూతులు తిడుతూ వచ్చిన మనిషి ఒక్కసారిగా మెత్తగా మాట్లాడితే తట్టుకోలేనని అతని భయం.

ఇంకో భయం కూడా ఉంది, అది ఆశాకు కూడా చెప్పలేదు. బీమారి వచ్చినప్పటి నుంచి అతను గిటారు ముట్టలేదు, ఒక్క పాటకైనా కూనిరాగం తీయలేదు. పాట కూడా పోయిందో లేదో పాడి చూస్తేనే తెలుస్తుంది. చూడకపోతే ఉన్నట్టే.

ఆశా బియ్యం ఏరుతూ అభిమానుల్లా ప్రశ్నలు అడిగేది. హనోకు చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టినట్టు జవాబులు కంఠతా పట్టాడు.

సభ రోజు హనోకు, ఆశా, షరీఫ్ ముగ్గురూ నిజామాబాద్ బస్సులో బయలుదేరారు. షరీఫ్ పెళ్ళికొడుకులా తయారై వచ్చాడు, తలకు మెహందీ పెట్టుకుని, అత్తరు రాసుకుని. దారిపొడుగునా ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. హనోకు కిటికీలోంచి చూస్తూ, కనిపించిన ప్రతిదానికీ లోలోపల పేరు పెడుతున్నాడు. చెరుకు. పసుపు. మక్క. కాలువ. అన్నీ వస్తున్నాయి. ధైర్యం చిక్కుతోంది అనుకుంటుండగా చెరుకు లోడుతో ఒక బండి ఎదురైంది. వెనుక పెద్ద చక్రాలు, ముందు చిన్న చక్రాలు, తలకు తువాలు చుట్టుకున్న డ్రైవరు, అన్నీ తెలుస్తున్నాయి. ఆ బండి పేరు మాత్రం లేదు. అది ఉండాల్సిన చోట ఏమీ లేదు. బండి వెనక్కి పోయింది, దుమ్ము కూడా అణిగిపోయింది. చాలా దూరం వెళ్ళాక ‘ట్రాక్టరు’ అని తనంతట తానే వచ్చింది. అప్పటికి అంగీ కాలరు తడిసిపోయింది.

స్టేజీ అంటే భయమా నీకు అని షరీఫ్ ఎగతాళి చేశాడు. హనోకు తల ఊపాడు.

హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. రెంజల్ నుంచి, మాక్లూర్ నుంచి వచ్చిన పిల్లలు, వాళ్ళ మధ్య తలలు నెరిసిన పాత మిల్లు కార్మికులు. అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే హనోకుకు ఆ చప్పట్లు ఎంతసేపు సాగితే అంత మంచిదనిపించింది.

అవి ఆగాయి. మొదటి ప్రశ్న పాట ఎట్లా మొదలైందని. అది ఆశా అడిగిన ప్రశ్నే. చర్చిలో ఆదివారం పాటలు పాడేవాళ్ళమనీ, అన్నదమ్ములిద్దరూ తాళం తొందర పెడుతుంటే పాస్టరుగారు కళ్ళెర్రజేసేవారనీ చెప్పాడు. హాలు నవ్వింది. ముందు వరుసలో ఆశా పెదవులు అతని మాటలతో పాటే కదులుతున్నాయి.

రెంజల్ నుంచి వచ్చిన ధనుంజయ్ అనే యువకుడు లేచాడు. “అన్నా, గిటారు నీకు ఎవలు నేర్పిండ్రు? నీ మీద ఎవల ప్రభావం ఎక్కువ?”

ఇదీ కంఠతా వచ్చిన జవాబే. హనోకు నోరు తెరిచాడు. అన్న ముఖం కనిపించింది. పలుచటి మీసం, తీగ మీద వేలు పెట్టేముందు ఆ వేలును అంగీకి తుడుచుకునే అలవాటు, తప్పు వాయిస్తే నెత్తిన వేసే మొట్టికాయ, అంతా వచ్చింది. పేరు రాలేదు. మాటలు నేర్చే వయసులో మొట్టమొదట పలికిన పేర్లలో అదొకటని అమ్మ చెప్పేది. అందరూ చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి.

“చెరుకు,” అన్నాడు.

వెనక వరుసలో ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత హాలంతా చప్పట్లు. అల్ఫియా కళ్ళు మెరిశాయి. ఇక్కడి మట్టే ఆయన గురువని, చెరుకు గడలోని తీపీ గానుగలో నలిగే బాధా రెండూ ఆ గొంతులో ఉన్నాయని ఆమె సభకు వివరించింది. ఫోన్లు పైకి లేచాయి.

అది కాదని చెప్పబోయి హనోకు ఆగిపోయాడు. ఇంకెవరో అమ్మాయి మైకు అందుకుని, ఇన్నేళ్ళు జనం మరిచిపోయినా మిమ్మల్ని నిలబెట్టింది ఏమిటని అడిగింది. ‘నా భార్య’ అనాలి. ఆశా ఎదురుగానే ఉంది.

“గొడుగు,” అన్నాడు.

మళ్ళీ చప్పట్లు. అభిమానులే తన గొడుగని అన్నాడనుకున్నారు. ఎవరో ఈల వేశారు. హనోకుకు చెరువు నడుమ మునిగేవాడు చేతులు ఊపితే, ఒడ్డున ఉన్నవాళ్ళు పలకరింపు అనుకుని తిరిగి చేతులు ఊపినట్టుంది. తను ఏమన్నా వీళ్ళు చప్పట్లు కొడతారు. మొత్తం మాటలన్నీ పోయినా కొడుతూనే ఉంటారు. తను పోయిన సంగతి ఎవరికీ తెలియదు.

ఆశా సగం లేచింది. అతను చెయ్యి అడ్డంగా ఊపి కూర్చోమన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు.

చప్పట్లు కొట్టనివాడు ఆ హాల్లో ఒక్కడే. స్టేజీ మీద పక్క కుర్చీలో షరీఫ్ అతని ముఖంలోకే చూస్తున్నాడు. మైకును చేత్తో మూసి, ముందుకు వంగి, మెల్లగా అడిగాడు.

“ఏమైంది రా నీకు?”

అంతలో సభ పాట కావాలని కేకలు మొదలుపెట్టింది. ఎవరో గిటారు తెచ్చి అతని ఒళ్ళో పెట్టారు. ఇన్ని నెలలుగా దేని నుంచి తప్పించుకు తిరుగుతున్నాడో అది ఒళ్ళోకే వచ్చి కూర్చుంది. పాడి, అక్కడ కూడా ఏమీ లేకపోతే? ఇంతమంది ముందు అది తెలిస్తే?

షరీఫ్ ముందున్న బల్ల మీది నీళ్ళ సీసాలు పక్కకు జరిపి, రెండు అరచేతులతో కొట్టడం మొదలుపెట్టాడు. పాత దరువే. మిల్లు గానుగ తిరిగినట్టు, ఒక బరువు దెబ్బ, దాని వెనక రెండు తేలిక దెబ్బలు. హనోకు ఎడమచేతి వేళ్ళు అతన్ని అడగకుండానే తీగల మీద తమ చోట్లు పట్టుకున్నాయి. కళ్ళు మూసుకున్నాడు.

“కూతవెట్టె మిల్లూ... నిద్దుర లేసె పల్లే...”

మాట వెనక మాట వచ్చింది. ఎక్కడా వెతకాల్సిన పని లేకుండా, తెంచబోతే తెగనంత గట్టిగా, అన్ని చరణాలూ వచ్చాయి. గొంతు గరుకెక్కింది, పైస్థాయిలో పగిలింది, అయినా మాటలు తప్పలేదు. పాత కార్మికులు వంత పాడారు. హనోకు చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

పాట అయిపోయింది. అవగానే మాటల వాకిలి మళ్ళీ మూసుకోవడం అతనికి స్పష్టంగా తెలిసింది. పాటలో ఉన్నంతసేపే తను లోపల ఉన్నాడు. భయం అక్కడే, గుమ్మం దగ్గరే కాచుకుని ఉంది. అల్ఫియా ఇంకో ప్రశ్నకు మైకు అందించబోతుంటే అతను తన మైకు దగ్గరకు లాక్కున్నాడు.

“నాకు... బీమారైంది,” అన్నాడు. ఆగాడు. “మాటలు దొర్కుతలేవు. చెరుకు అని... ఊకె అన్న. అది కాదు.”

అల్ఫియా ముఖం పాలిపోయింది. ఇప్పుడు లేచి పోతారని హనోకు అనుకున్నాడు, లేదా అయ్యో పాపం అంటారని. ధనుంజయ్ ఇంకా నిలబడే ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“మళ్ళ అడుగుత అన్నా,” అన్నాడు. “గిటారు ఎవలు నేర్పిండ్రు? నిమ్మలంగ చెప్పు. మాకేం తొందర లేదు.”

ఎవరూ కదల్లేదు. హనోకు వెతికాడు. మీసం, అంగీకి తుడుచుకునే వేలు, మొట్టికాయ. పక్కన షరీఫ్‌కు జవాబు తెలుసు, అయినా నోరు మెదపకుండా పళ్ళు బిగించి కూర్చున్నాడు. ఎంతసేపటికీ పేరు రాలేదు. చివరికి హనోకు అతని వైపు తిరిగాడు. చెప్పమన్నట్టు చూశాడు.

“మోజెస్,” అన్నాడు షరీఫ్. “వీళ్ళన్న.”

“మోజెస్,” అన్నాడు హనోకు. “మా అన్న.”

ఆ తర్వాత సభ చాలాసేపు నడిచింది. కొన్నింటికి జవాబులు వచ్చాయి, కొన్నింటికి రాలేదు. రానివి షరీఫ్ చెప్పాడు, ఒకటి రెండు ఆశా తన కుర్చీలోంచే చెప్పింది. నిలబెట్టింది ఏమిటని అడిగిన అమ్మాయికి హనోకు ఆశా వైపు వేలు చూపించాడు. ఆశా తల దించుకుంది.

తిరుగు బస్సులో షరీఫ్ ఒక్క మాట మాట్లాడలేదు. అది హనోకుకు హాల్లో పడ్డ భయం కంటే కష్టంగా ఉంది. బోధన్ పొలిమేర వచ్చాక షరీఫ్ కిటికీ వైపు చూస్తూనే అడిగాడు.

“నాకెందుకు చెప్పలె?”

“భయమైంది,” అన్నాడు హనోకు. ఆ మాట వెతకకుండానే దొరికింది.

“గాడ్ది కొడుకా,” అన్నాడు షరీఫ్. అని తువాలుతో ముఖం తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున షరీఫ్ పిలవకుండానే వచ్చి హనోకు ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత రోజూ అంతే. కొన్ని రోజులు హనోకు బాగా మాట్లాడేవాడు, కొన్ని రోజులు మళ్ళీ మొదటికి వచ్చేది. డాక్టరు ఇంకా చూద్దామనే అంటున్నాడు. భయం పూర్తిగా పోలేదు. ఒక పొద్దున ఆశా చాయ్ తెచ్చి ఇచ్చాక, ఎదురుగా కూర్చుని చాయ్ ఊదుకుంటున్న నేస్తం ముఖాన్నే చూస్తూ హనోకు ఉన్నట్టుండి గిలాస కింద పెట్టేశాడు. ఈ మనిషి పేరు ఉందా, పోయిందా? ధైర్యం చేసి నోరు తెరిచాడు.

“షరీఫ్.”

“ఏంది?” అన్నాడు షరీఫ్.

“ఏం లేదు. ఊకె పిలిచిన.”