చెప్పినవాళ్లే మార్కులు వేస్తారు

బస్సు డిపో వెనక, పాత టైర్లు పెట్టే గదిలో సాయంత్రం ఆరింటికి పెద్దవాళ్ల చదువుల క్లాసు జరిగేది. అక్కడ చదువుకునే వడ్రంగికి తోటివాళ్లు పెట్టిన పేరు తొందరబాబాయి. ఎదుటివాళ్ల మాట నోట్లో ఉండగానే ఆయన జవాబు అందించేవాడు. యాభై రెండేళ్ల వయసులోనూ అక్షరాలు చకచకా పట్టుబడ్డాయి. చదువంటే ఇంతేగా అనుకున్నాడు.

ఒకరోజు టీచరమ్మ పుస్తకాలు పక్కన పెట్టించింది.

"ఇవాళ వినడంలో పరీక్ష. ఇద్దరిద్దరు కూర్చోండి. ఒకరు మూడు నిమిషాలు తమ సంగతి చెప్పాలి. రెండోవాళ్లు నోరు మెదపకూడదు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగి, విన్నది తిరిగి చెప్పాలి. మార్కులు నేను వెయ్యను. చెప్పినవాళ్లే వేస్తారు."

"చెవులున్నవాడికి వినడం కూడా నేర్పాలా?" అని వడ్రంగి నవ్వాడు.

ఆయనకు జోడీగా బస్సులు కడిగే అమ్మాయి వచ్చింది. నీళ్ల పైపు పట్టుకుని పట్టుకుని వేళ్లు మొద్దుబారుతున్నాయని ఆమె మొదలుపెట్టిందో లేదో, "నూనె రాసుకో తల్లీ, తెల్లారేసరికి తగ్గిపోతుంది" అనేశాడు. ఆమె పదికి రెండు వేసింది.

"మంచి మాట చెప్తే రెండేనా!"

"వేళ్ల సంగతి కాదు బాబాయ్. ఈ వేళ్లతో పెన్ను నిలవక పరీక్ష తప్పుతానేమోనని నా భయం. అక్కడిదాకా నన్ను రానిచ్చావా?"

గదంతా గొల్లున నవ్వింది. వడ్రంగి మాత్రం నవ్వలేదు. టీచరమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అంది. "ఇంట్లో ఎవరి మాటైనా ఒక్కటి పూర్తిగా విని రండి బాబాయిగారూ. శుక్రవారం మళ్లీ పరీక్ష."

మర్నాడు పొద్దున భార్య టీ గ్లాసు బల్ల మీద పెట్టబోయి కింద పడేసింది. "కళ్లు నెత్తికెక్కాయా" అనబోయి నాలుక కరుచుకున్నాడు. ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏంటండీ అలా చూస్తున్నారు?"

"ఏమైందో చెప్పు. నేను మాట్లాడను."

ఆమె అనుమానంగానే మొదలుపెట్టింది. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయట. అప్పుడే తల పగిలిపోతోందట. గుమ్మం దాటుతుంటే భుజం కొట్టుకుంటోందట. "వయసులే, ఏం కాదు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చినా మింగేశాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"ఏ భుజం?"

ఆమె ఆలోచించింది. "ఎప్పుడూ ఎడమదే. అవునండీ, ఎడమదే!"

ఆ పూట పని మానేసి కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ ముందు భార్య బెదిరిపోయి, "తలనొప్పండి" అని ఊరుకుంది. "నేను చెప్పనా?" అని ఆమెను అడిగి, ఆమె తలూపాక, విన్నది విన్నట్టు, ఒక్క ముక్క చేర్చకుండా అప్పజెప్పాడు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ చెప్పింది. "ఎడమ కంట్లో ఒత్తిడి బాగా పెరిగింది. పక్క చూపు కొంత పోయింది, అది తిరిగి రాదు. మిగిలింది కాపాడొచ్చు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే కన్నే పోయేది."

వడ్రంగి తన భార్యకు ఎడమ పక్కన నడుస్తూ, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. గురువారం లేజరు చికిత్స జరిగింది.

శుక్రవారం క్లాసులో ముందుగా బస్సులు కడిగే అమ్మాయి చెప్పింది చివరిదాకా విన్నాడు. ఎంత లావు పెన్నయితే పట్టు దొరుకుతుందని ఒక్క ప్రశ్న అడిగి, ఆ కొలతకి కర్ర తొడుగు చెక్కి తెస్తానన్నాడు. తర్వాత, తనతో వచ్చిన భార్యను ముందుకు పిలిచాడు. ఆ రోజు ఇంట్లో తన మాట విన్నదానికి ఆమె పదికి ఎనిమిది వేసింది.

"రెండెందుకు తగ్గించావమ్మా?" అంది టీచరమ్మ.

"నోరు మూసుకున్నారు గానీ, మొహం మాట్లాడుతూనే ఉందమ్మా!"

ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది వడ్రంగే. అందరూ వెళ్లాక జేబులోంచి మడత కాగితం తీసి టీచరమ్మకిచ్చాడు. ఆయన రాసిన మొదటి ఉత్తరం అది.

'టీచరమ్మకు. నా బార్య కను నిలిచింది. మీ మేలు మరిచిపోను.'

ఆమె రెండుసార్లు చదువుకుంది.

"తప్పులున్నాయా తల్లీ?"

"రెండున్నాయి. సోమవారం దిద్దుకుందాం" అంది టీచరమ్మ, కాగితాన్ని జాగ్రత్తగా తన చేతిసంచిలో పెట్టుకుంటూ.