లోపలి గడియ

దయావతి రోజూ పొద్దున్నే పద్నాలుగు బిందెల నీళ్ళు మోస్తుంది. తాగేది మాత్రం రెండు గుక్కలు.

కోరాపుట్‌లో నీళ్ళకేం కరువు లేదు. ఆషాఢం వచ్చిందంటే నెలల తరబడి చూరు కారుతూనే ఉంటుంది, ఉతికిన బట్టలు ఆరక కంపు కొడతాయి. ఆమె దాహానికి లెక్క వేరే. పదింటికి మిషను బడిలో అడుగుపెడితే నాలుగున్నర దాకా పెద్దమేష్టారి గది వెనకాల ఉన్న లెట్రిన్ వైపు ఏ ఆడ టీచరూ వెళ్ళదు. దాని తలుపుకి గడియ లేదు, ఎదురుగా మగ మేష్టర్లు కూర్చునే వరండా ఉంది. అక్కడ అందరి కళ్ళ ముందు నుంచి నడిచి వెళ్ళడం కంటే గొంతు ఎండబెట్టుకోవడమే నయం. ఇంటి దగ్గరైనా సుఖం లేదు. నాలుగు వాటాలకి కలిపి పెరట్లో ఒకే రేకుల గది. దానికీ గడియ లేదు కాబట్టి, లోపల మనిషి ఉన్నట్టు బయటవాళ్ళకి తెలియడానికి దయావతి కీర్తన పాడుకుంటుంది. దేవుడు ఏ చోట నుంచి వచ్చిన స్తుతినైనా వింటాడని ఆమె నమ్మకం. పక్క వాటా బంగారమ్మ మాత్రం వేళాకోళమాడుతుంది. "ఏటి పంతులమ్మగారూ, ఇయ్యాల రెండు సరణాలకే వచ్చీసేరు?"

ఒంటికి వెళ్ళినప్పుడు మంటగా ఉంటోందని ఆసుపత్రికి వెళితే, నీళ్ళు బాగా తాగమ్మా అన్నాడు డాక్టరు. సరేనండీ అని వచ్చేసింది. ఆయనకి ఇవన్నీ ఏ నోటితో చెబుతుంది?

ఆ రోజు ఆమె పొయ్యి ఊదుతుంటే భర్త ఎలీయాజరు ఒక చేత్తో ఉత్తరం, ఒక చేత్తో ఆమె ప్రావిడెంటు ఫండులోంచి అప్పు తీసే కాగితం పట్టుకొచ్చాడు. రోడ్ల ఆఫీసులో గుమస్తా ఆయన. కాగితం చేతిలో ఉంటే చాలు, ఎక్కడలేని హోదా వస్తుంది.

"భీమిలి నుంచి నాన్న రాసేడు. లెట్రిన్ లైను పోయిందట. గది కాడి నుంచి తొట్టి దాకా ముప్పై అడుగులూ తవ్వి కొత్తది వెయ్యాలట. రెండు వేల చిల్లర అవుతాదట. ఇక్కడ సంతకం పెట్టీ, ఆఫీసుకెల్తూ మీ బడిలో ఇచ్చెత్తాను."

"లైను పోయిందా?" అంది దయావతి. గుండె కలుక్కుమంది, సొంతవాళ్ళకి జబ్బు చేసిందని విన్నట్టు.

"ఇనుము తుప్పట్టి చిల్లులు పడిపోనాదట. నాన్న ఇబ్బంది పడతన్నాడు."

మళ్ళీ ఇనప గొట్టాలేనా అని ఆమె అడగలేదు. సాయంత్రం సంతకం పెడతానంది. ఎలీయాజరుకి ఆశ్చర్యం వేసింది. పన్నెండేళ్ళ కాపురంలో ఆమె సంతకం ఎప్పుడూ సాయంత్రం దాకా ఆగలేదు.

ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఆడవాళ్ళు గొలుసు కోసం కలలు కంటారు, పట్టుచీర కోసం కంటారు. దయావతి నాలుగేళ్ళుగా కలగంటున్నది ఆ లెట్రిన్ గురించే.

దాన్ని కట్టించింది కూడా ఆమె జీతమే. రిటైరైన కాంపౌండరు మావయ్య తోమాసు మోకాళ్ళు నొప్పులన్నాడు, ఇంట్లోనే ఏర్పాటు కావాలన్నాడు. అప్పుడూ ఇలాగే ఒక కాగితం, ఒక సంతకం. ఎలీయాజరు ఇక్కడి పాత సామాను వేలంలో ఇనప గొట్టాలు కొని, లారీకెక్కించి, పొట్టంగి ఘాటు దింపి, సాలూరు మీదుగా భీమిలి చేర్చాడు. పెళ్ళికొడుకుని ఊరేగించినంత సంబరం. దయావతి పుట్టింది కళింగపట్నంలో. కిటికీ ఊచలు ఉప్పుగాలికి పెచ్చులు పెచ్చులుగా రాలిపోవడం చూస్తూ పెరిగిన పిల్ల. "ఆ ఇసకలో ఇనుము నిలవదండీ, మెరుగు పూసిన మట్టి గొట్టాలు వేయించండి," అని ఒక్కసారే అంది. "నువ్వు పిల్లలకి ఎక్కాలు సెప్పుకో. ఇయ్యి కొండల్లో ఇరవై ఏళ్ళు వాడినా సెక్కుసెదరలేదు," అన్నాడాయన. కొండల్లో వాన తప్ప ఉప్పెక్కడిది? ఆ మాట పైకి అనకుండా మింగేసింది. మింగడం ఆమెకి కొత్త కాదు.

ఆ గదిలో ఆమె మనసుపడి కొన్నది ఒక్కటే వస్తువు. పరీక్ష పేపర్లు దిద్దడానికి రాయగడ వెళ్ళినప్పుడు బజారులో బరువైన ఇత్తడి గడియ కనిపించింది. బేరమైనా ఆడకుండా కొనేసింది. పాత జాకెట్టులో చుట్టి, సంచీ అడుగున పెట్టుకుని, వేసవి సెలవుల్లో భీమిలి తీసుకెళ్ళి తలుపుకి లోపలివైపు బిగించమని తాపీమేస్త్రీకి ఇచ్చింది. ఇత్తడికి తుప్పు పట్టదు.

కట్టడం పూర్తయిన మర్నాడు పెళ్ళికూతురిలా తయారై వెళ్ళింది, చెంబు పట్టుకుని. తలుపుకి బయట తాళం వేలాడుతోంది. తాళంచెవి తోమాసుగారి మంచం తలవైపు మేకుకి ఉంది. ఆయన, చర్చి నుంచి ఇంటికి వచ్చే పెద్దలు తప్ప ఇంకెవరూ వాడితే తొట్టి నిండిపోతుందట.

"మావయ్యగారిని అడగాల అమ్మి," అంది అత్తగారు సారమ్మ, గొంతు తగ్గించి.

"మీరెలా వెళుతున్నారు అత్తమ్మా?"

"నానా? ఉప్పు తెమ్మని అడిగినాను, పప్పు తెమ్మని అడిగినాను. దొడ్డికెల్తాను తాళమియ్యండని మొగోడిని ఏ నోటితో అడగమంటావు? పద, తెల్లారకముందే సరుగుడు తోటకి పోయి వచ్చెద్దాం."

చిమ్మచీకట్లో అత్తాకోడళ్ళిద్దరూ సరుగుడు తోటకి నడిచారు. దయావతి వెనక్కి తిరిగి చూసింది. తాను జీతం పోసి కట్టించిన గది, తెల్ల సున్నం వేసుకుని, తాళం వేసుకుని, దర్జాగా నిలబడి ఉంది.

ఒక్కసారి, ఆ సెలవుల్లోనే ఒక ఆదివారం మధ్యాహ్నం, సంఘం కూటానికి ఆలస్యమవుతోందని తోమాసుగారు తాళం వెయ్యడం మరిచి వెళ్ళిపోయాడు. దయావతి దొంగలా లోపలికి వెళ్ళి ఇత్తడి గడియ జరిపింది. టక్కున పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ ఆమె చెవుల్లో ఉంది. పని అయిపోయినా లేవాలనిపించలేదు. బకెట్టు బోర్లించుకుని దానిమీద కూర్చుంది. పైన గాలి కోసం వదిలిన కన్నంలోంచి వెలుతురు పడుతోంది, సముద్రం హోరు వినిపిస్తోంది. కాఫీ ఏదీ అని ఎవరూ అడగలేదు. టీచరమ్మా అని ఎవరూ పిలవలేదు. కీర్తన పాడక్కర్లేదు, దగ్గక్కర్లేదు, చేత్తో తలుపు పట్టుకోనక్కర్లేదు. ఈ లోకంలో ఒక తలుపు ఆమె వేసుకుంటే పడింది. కారణమేమీ లేకుండానే కాసేపు హాయిగా ఏడ్చింది కూడా.

అప్పుడు బయట నుంచి సారమ్మ గొంతు వినిపించింది. తిట్టడానికి వచ్చిందనుకుని హడలిపోయింది. "తొందర లేదమ్మి, నిమ్మలంగా రా. మీ మావయ్య ఇంకా రానేదు. నాను ఈది మొగన నిలబడి సూస్తన్నాను."

అంతే, ఆ తర్వాత మళ్ళీ తాళం పడింది. కానీ పదమూడో ఎక్కం చెబుతూనో, అట్టు తిరగేస్తూనో దయావతి ఎన్నిసార్లు ఆ గదిలోకి వెళ్ళివచ్చిందో! రిటైరయ్యాక ఆ ఇల్లు మనదే కదా అంటాడు ఎలీయాజరు. ఆమె రిటైరవడానికి ఇంకా ఇరవై మూడేళ్ళుంది. అన్నేళ్ళు నీళ్ళు తాగకుండా ఉండాలంటే ఒంటె అయినా జడుస్తుంది.

సాయంత్రం ఎలీయాజరు చర్చిలో క్వయిరు పాటల సాధనకి వెళ్ళాక, ఆమె ఉత్తరం తీసి తనే చదివింది. మావయ్య దస్తూరీ ముత్యాల్లా ఉంది. నాకు ఇబ్బందిగా ఉంది, నాకు మోకాళ్ళు, నాకు త్వరగా ఏర్పాటు చేయవలెను. మూడు నాకులు. కింద సంతకం. ఎలీయాజరు అక్కడి దాకా చదివి మడిచేసి ఉంటాడు.

సంతకానికి కింద, అంచు మీద, పెన్సిలుతో రెండు వరుసలున్నాయి. బైబిలు చదువుకోవడానికని ముసలితనంలో అక్షరాలు దిద్దుకున్న సారమ్మ రాత. "సరుగుడు తోట కొట్టీసేరు అమ్మి. ఇళ్ళ స్థలాలు ఏస్తారంట. నాను నీళ్ళు తాగడం మానీసినాను."

దయావతి ఆ రెండు వరుసలూ మళ్ళీ మళ్ళీ చదివింది. అరవై ఏడేళ్ళ మనిషి. ఇంట్లో లెట్రిన్ ఉన్న మనిషి.

కూతురు రూతు స్టీలు గ్లాసు తెచ్చి గట్టు మీద పెట్టింది. మూడొంతుల నీళ్ళు అలాగే ఉన్నాయి. ఈ మధ్య పిల్ల ఇలా వదిలేస్తోందని దయావతి చూస్తూనే ఉంది, వానాకాలం కదా, దాహం వెయ్యదులే అనుకుంది. రూతుకి పదకొండేళ్ళు. చదివేది తల్లి బడిలోనే.

"నీళ్ళెందుకు వదిలేసేవమ్మి?"

"ఇప్పుడు తాగితే పొద్దున్న బడిలో వస్తాదమ్మా." పిల్ల మామూలుగానే చెప్పింది. "నువ్వూ తాగవు కదా?"

దయావతి ఏ రోజూ పిల్లకి ఇది నేర్పలేదు. జడ వేసుకోవడం నేర్పింది, ప్రార్థన నేర్పింది, పదహారో ఎక్కం దాకా నేర్పింది. ఇది దానంతటదే వచ్చేసింది, ఇంట్లో మాట్లాడే భాష వచ్చినట్టు. ఆమెకి మొదట సిగ్గు వేసింది, తర్వాత కోపం వచ్చింది. ఆ కోపం పొయ్యి ఊదినా చెంబు తోమినా తగ్గలేదు.

ఇన్‌లాండు కవరు తీసి రాయడానికి కూర్చుంది. మావయ్యకి ఆమె సొంతంగా ఉత్తరం రాయడం అదే మొదలు.

పొద్దున్న ఎలీయాజరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగాడు. "సంతకం పెట్టేవా?"

"పెట్టేను. బైబిల్లో ఉంది."

"ఇలా ఇయ్యి మరి."

"ఇప్పుడు కాదండీ. ముందు తాళంచెవి రావాలి."

"ఏ తాళంచెవి?"

"భీమిలి లెట్రిన్‌ది."

ఎలీయాజరుకి అర్థం కాలేదు. ఆ తలుపుకి తాళం ఉందని ఆయనకి తెలుసు. తాళం పడేది ఎవరికో ఎప్పుడూ ఆలోచించలేదు, ఆయన అడిగినప్పుడల్లా చెవి చేతికి వచ్చింది కాబట్టి. "ఏటి దయా ఇది? నాన్నకి ఏటని రాయమంటావు?"

"మీరు రాయక్కర్లేదు. నేను రాసేసేను," అని ఉత్తరం చేతికిచ్చింది.

ఆయన నిలబడే చదివాడు. "మావయ్యగారికి దయావతి వందనాలు. లైను మార్చడానికి ఏమవుతుందో వివరంగా రాశారు. అందులో ఒకటి రాయడం మరిచారు. తాళంచెవి రిజిస్టరు పోస్టులో నాకు పంపండి. అది నా చేతికి అందిన రోజునే సెలవు పెట్టి నేనే బయలుదేరి వస్తాను, మట్టి గొట్టాలు దగ్గరుండి వేయిస్తాను. తలుపుకి లోపల గడియ ఉంది, అది చాలు. అత్తమ్మని ఈ రోజు నుంచి నీళ్ళు తాగమనండి."

ఎలీయాజరు ఏదో అనబోయాడు. చివరి వాక్యం దగ్గర ఆగి, తండ్రి రాసిన ఉత్తరం తీసి తిరగేసి, అంచు మీద పెన్సిలు రాత చూశాడు. తల్లి రాత అని పోల్చుకోవడానికి ఆయనకి కొంచెం సేపు పట్టింది. ఆమె ఉత్తరం ఆమెకి తిరిగిచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

ఉత్తరాన్ని పోస్టు డబ్బాలో తనే వెయ్యాలని దయావతి సంచీలో పెట్టుకుంది. బిందెలోంచి చెంబు నిండా ముంచి, గుక్క తిప్పుకోకుండా తాగింది. చన్నీళ్ళు గుండెల దాకా జిల్లుమన్నాయి. మళ్ళీ ముంచి కూతురికి ఇచ్చింది. రూతు చెంబు వంక చూసింది, తల్లి వంక చూసింది.

"బడికెల్లాలి కదమ్మా?"

"పెద్దమేష్టారి గది వెనకాల ఉన్న దానికే వెళ్దువు గాని. తలుపు దగ్గర నేను నిలబడతాను," అంది దయావతి. "మొత్తం తాగు."